తొట్టి దగ్గర లైటు

వానలు పట్టుకున్నాయంటే ఉదయగిరిలో అందరూ కొండ వైపు చూస్తారు, మబ్బు ఎటు దిగుతుందా అని. నేను మాత్రం గోడల వైపు చూసేవాణ్ని. బావి గట్టు మీది లైటు, స్నానాల గదుల బయటి లైటు, చేతిపంపు పక్కన స్తంభానికి కట్టిన లైటు, ఆస్పత్రిలో గుడ్డలుతికే బండ మీది లైటు. తడి ఉన్న చోట ఏ లైటున్నా దాన్ని వానలకు ముందే విప్పి చూసి, నీళ్లు దూరకుండా బిగించే పని నాది. హోల్డరు మూతికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టేవాణ్ని. గాజు డూము అంచున పాత రబ్బరు తీసి కొత్తది వేసేవాణ్ని. వైరు గోడ కంతలోకి పోయే ముందు దాన్ని కిందికి ఒక వంపు తిప్పేవాణ్ని, వాన నీళ్లు వైరు వెంట లోపలికి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోయేటట్టు. వైర్‌మన్ సైమన్ బిగించాడంటే తుఫానొచ్చినా చుక్క దూరదనేవాళ్లు. ఆ మాట నాకు బాగా తలకెక్కింది. అబద్ధమెందుకు చెప్పాలి?

నాకు నోరు కూడా ఎక్కువే. తొంభై నాలుగు అక్టోబరులో, మాల్యాద్రి అనే ఇంకో వైర్‌మన్ బిగించిన మోటారు దగ్గర ఒక బర్రె కరెంటు తగిలి చచ్చింది. టీ అంగట్లో అందరి ముందూ వాణ్ని కడిగేశాను.

"బర్రె కాబట్టి సరిపోయిందిరా. మనిషైతే ఏం చేసేవాడివి? చేతగానప్పుడు ఈ పనెందుకురా నీకు? పోయి మేకలు కాసుకో!"

వాడు తలెత్తలేదు. నేను టీ తాగి, మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాను. అప్పటికి ఆరు నెలలుగా నేను చేసిన తప్పొకటి మా చర్చి ఆవరణలో అందరి కళ్లముందే ఉంది.

చర్చి వెనక బాప్తిస్మపు తొట్టి ఉంది. సిమెంటు తొట్టి, మామూలు ఎత్తు మనిషికి రొమ్ములోతు, దిగడానికి ఐదు మెట్లు. పక్కన స్తంభం మీద రెండు వందల వాట్ల బల్బు. ఆ ఏడు ఈస్టరు ముందురోజు ఆ లైటు ఆగిపోయింది. వెతికితే, చర్చి నుంచి భూమిలో వచ్చే రెండు తీగల్లో ఒకటి, కరెంటు తిరిగి పోవాల్సిన తీగ, ఎక్కడో తెగింది. తవ్వి చూసే టైము లేదు. తెల్లవారితే బాప్తిస్మాలు. ఊళ్లల్లో అందరూ చేసే పనే నేనూ చేశాను. బల్బు నుంచి ఇంకో తీగ దించి, తొట్టి అడుగున నీళ్లొచ్చే ఇనుప పైపుకు చుట్టేశాను. ఆ పైపు బోరుతో కలిసి నూటయాభై అడుగులు భూమిలోకి ఉంది. కరెంటు అందులోంచి భూమిలోకి పోతుంది, బల్బు వెలుగుతుంది. ఎర్తు తీసుకోవడం అంటారు దాన్ని. ఎర్తు కడ్డీ చుట్టూ చెంబుతో నీళ్లు పోసి మరీ లైటు వెలుగు పెంచుకునేవాళ్లను ఎంతమందిని చూశాను!

పండగ కాగానే తీసేద్దామనుకున్నాను. తీయలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇనుప పైపు బోరుదాకా ఉన్నంతకాలం ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

నవంబరులో ఆత్మకూరులో ఒక హాస్టలు వాళ్లు బయటి లైట్లన్నీ చూసి బిగించమని పిలిపించారు. మూడు వారాల పని. పోయే ముందు తొట్టి దగ్గర లైటు కూడా చూశాను. హోల్డరుకు ట్యూబు చుట్టి, పైన రేకు టోపీ పెట్టి, కిందికి దిగాక పైపుకు చుట్టిన తీగ కళ్లబడింది. జేబులోంచి కటింగ్ ప్లయరు తీశాను. అంతలో ఓబయ్య మామ వచ్చాడు. చర్చికి కాపలా, గంట కొట్టడం, తొట్టి నింపడం ఆయన పని.

"అదేందిరా సైమనూ, ఆ తీగ?"

"ఎర్తు మామా."

"ఎర్తంటే మంచిదే గదా?"

"మంచిదే."

ప్లయరు మళ్లీ జేబులో పెట్టుకున్నాను. తీస్తే లైటు ఆగుతుంది. ఆగితే ఎందుకాగిందో చెప్పాలి. చెబితే సాయంత్రానికి మాల్యాద్రి చెవిన పడుతుంది. ఇంతే సంగతి. వచ్చాక కొత్త తీగ లాగి, ఎవరూ లేనప్పుడు దీన్ని తీసేద్దామని ఆత్మకూరు బస్సెక్కాను. డిసెంబరు మొదటి ఆదివారం మళ్లీ బాప్తిస్మాలున్నాయి. పన్నెండుమంది పిల్లలు. అందులో మా ఏంజెలిన్ ఒకతి. దానికి పద్నాలుగేళ్లు.

ఆ ఆదివారానికి ముందురోజు, శనివారం పొద్దున, మా ఆవిడ రాహేలమ్మ ఆత్మకూరు వచ్చింది. పిల్లకు తెల్ల ఓణీ కొని, నన్ను వెంటబెట్టుకొని పోదామని. మూడు రోజులుగా ముసురు. నేను హాస్టలు నీళ్ల తొట్టి పైన నిచ్చెన మీదున్నాను. ఆమె గొడుగు ముడుచుకుని కింద నిలబడి నవ్వుతోంది.

"ఏమయ్యా, నువ్వింత తెలివిగలోడివని నాకు తెలియకపాయె."

"ఇప్పుడేం తెలిసింది?"

"ఊరంతా నీ మాటే. తొట్టి నిండితే దానంతటదే ఎలిగేటట్టు లైటు పెట్టినావంట గదా!"

నాకు అర్థం కాలేదు. ఒక మెట్టు దిగాను.

"నిండితే ఎలిగేదేంది? సరిగ్గా చెప్పు."

"పది దినాలుగా ఆ లైటు ఎలగలా. బల్బు మార్చినా ఎలగలా. సరే సైమన్ వస్తే చూస్తాడ్లే అని స్విచ్చి అట్టే వదిలేసినారు. మొన్న గురువారం ఓబయ్యన్న తొట్టి కారతాదేమో చూద్దామని నీళ్లు వదిలినాడా, నీళ్లు పైకొచ్చే కొద్దీ బల్బు ఎర్రగా ఎలుగుతా వచ్చిందంట! నిండినాక ఇంకా బాగా ఎలిగిందంట. పిలకాయలు ఒకటే చప్పట్లు."

"పది దినాల కిందట ఏం జరిగింది?"

"ఏం జరుగుతాది? బోరు నించి పైపు తుప్పు పట్టిందని ప్లాస్టిక్ పైపు ఏసినారు. తొట్టి గోడలో సిమెంటు పోసిన ముక్క మాత్రం రాలేదంట, దాన్ని అట్నే పెట్టినారు."

నిచ్చెన గట్టిగా పట్టుకున్నాను. ప్లాస్టిక్‌లో కరెంటు పోదు. భూమికి దారి తెగిపోయింది. నేను తీగ చుట్టిన ఇనుప ముక్క ఇప్పుడు తొట్టి గోడలో ఒంటరిగా ఉంది, దాని మూతి నీళ్లలో ఉంది. బల్బు వెలిగిందంటే కరెంటు ఆ నీళ్లలోంచి పోతోందని అర్థం. నీళ్లు ఎంతుంటే వెలుగు అంత. వాళ్లు చప్పట్లు కొట్టింది దానికి.

"ఎవురైనా ఆ నీళ్లలో చెయ్యి పెట్టినారా?"

"ఓబయ్యన్న పెట్టినాడంట. తిమ్మిరెక్కింది, చలికి అన్నాడు. ఏందయ్యా, అట్టా చూస్తావు? ఆ, రెండు మూడు కప్పలు చచ్చి తేలినాయని చెప్పింది ఏంజెలిన్."

నిచ్చెన ఎట్లా దిగానో కూడా గుర్తులేదు.

"నీళ్లు తీసేసినారా?"

"ఇంకా యాడ? నిన్నటి నించి మనూళ్లో కరెంటు లేదు. ఈ పొద్దు సాయంత్రం నాలుగింటికి పిలకాయలు దిగి తొట్టి కడుగుతారు గదా. కరెంటొస్తే మంచినీళ్లు నింపుతారు."

మా చర్చిలో అదొక పద్ధతి. బాప్తిస్మం తీసుకోబోయే పిల్లలే ముందురోజు తొట్టిలోకి దిగి, కొబ్బరిపీచుతో గోడలూ అడుగూ రుద్ది కడగాలి. ఎవరి తొట్టి వాళ్లే శుభ్రం చేసుకోవాలని మా పెద్దల నుంచి వచ్చింది. నేనూ కడిగాను, రాహేలమ్మా కడిగింది. వట్టి కాళ్లతో, మోకాలిలోతు ఉంచి మిగతావి వదిలేసిన నీళ్లలో.

స్విచ్చి వేసే ఉంది. కరెంటు లేదు కాబట్టి బతికారు. అది ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి.

బస్టాండు ముందు ఎస్టీడీ బూతుకు పరుగెత్తాను. ఉదయగిరి కరెంటాఫీసు నంబరు నాకు కంఠతా వచ్చు. లైను వదలొద్దని చెబుదామని ఆరుసార్లు తిప్పించాను. గుయ్యిమనే శబ్దం కూడా లేదు. "వానకు లైన్లన్నీ పోయినాయన్నా," అన్నాడు బూతు అతను. పన్నెండున్నర బస్సు కదులుతుంటే ఎక్కాము.

రాహేలమ్మ నా పక్కన కూర్చుని ఓణీ పొట్లం ఒళ్లో పెట్టుకుంది. దారిలో ఊరొచ్చినప్పుడల్లా నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్నాను, ఏ అంగట్లోనైనా బల్బు వెలుగుతోందేమో అని. మొదటి ఊళ్లో లేదు. రెండో ఊళ్లో లేదు. మూడో ఊళ్లో టీ అంగట్లో ట్యూబులైటు తెల్లగా వెలుగుతోంది.

"వచ్చేసింది," అన్నాను పైకే.

"ఏం వచ్చేసింది? ఏందయ్యా నీకు? చెప్పు!"

చెప్పాను. ఈస్టరు, తెగిన తీగ, పైపు, అన్నీ చెప్పాను. ఆమె వింటూ వింటూ పొట్లాన్ని రెండు చేతులతో నలిపేసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అరిచుంటే బాగుండేది.

"పిల్ల అందులో దిగతాదని తెలిసీ పెట్టినావా?"

"అప్పుడు పైపు ఉండిందే..."

"అడిగిందానికి చెప్పు."

"తీసేద్దామనే అనుకుంటిని."

ఆమె నలిగిన పొట్లాన్ని ఒళ్లో సర్దుకుంది. "పోయి ఏం చేస్తావు?" అంది.

"తీసేస్తా."

"చెప్పి తీసేస్తావా? చెప్పకుండానా?"

ఆ భయంలో కూడా, ఇంతకన్నా సిగ్గుమాలిన మాట లేదు గానీ, చెప్పకుండా తీసేసే దారి ఏదైనా ఉందా అనే వెతుకుతున్నాను.

దారిలో వాగు పొంగింది. బస్సు ఆగిపోయింది. నీళ్లు తగ్గితేగానీ కదలదన్నాడు డ్రైవరు. రెండున్నర అయింది. పదిమందిమి చేతులు పట్టుకుని నడుములోతులో దాటాము. రాహేలమ్మ ఓణీ పొట్లం తలమీద పెట్టుకుంది. అవతల ఒక లారీవాడు మమ్మల్ని ఎక్కించుకున్నాడు. లారీ వెనక భాగంలో నిలబడి, తడిసి వణుకుతూ, జీవితంలో ఎవరూ చేయని ప్రార్థన చేశాను. దేవుడా, మా ఊళ్లో కరెంటు రానియ్యొద్దు. కరెంటు పని చేసుకుని బతికేవాణ్ని, అది రావొద్దని మొక్కుకున్నాను.

చర్చి గేటు దగ్గర దిగేటప్పటికి నాలుగు దాటి పావుగంట. కరెంటు లేదు. వీధిలో ఎక్కడా లైటు లేదు. వెనక నుంచి పిల్లల కేకలు, నవ్వులు వినిపించాయి.

పన్నెండుమందీ తొట్టిలోనే ఉన్నారు. మోకాళ్ల దాకా నీళ్లు. ఏంజెలిన్ పరికిణీ ఎగ్గట్టి, ఆ ఇనుప ముక్క పక్కనే వంగి గోడ రుద్దుతోంది. పాస్టరు హెన్రీ అయ్యగారు గొడుగేసుకుని గట్టు మీద కూర్చున్నారు. నన్ను చూడగానే ఏంజెలిన్ నవ్వింది.

"నాయనా! కరెంటు రావాలని అందరం ప్రార్థన చేసినాం. నీ లైటు చూడాలంట అయ్యగారు!"

మీటరు చర్చి లోపలి గదిలో ఉంది. ఆ గది తాళంచెవి ఓబయ్య మామ మొలతాడుకు ఉంది. వీళ్లకు నేను ఏం చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి? కరెంటు అంటే ఎందుకు అంటారు, లేదు గదా అంటారు. నా నోట్లోంచి అబద్ధమే వచ్చింది.

"పాము! తొట్టిలో పాము! పైకి రండే, అందరూ పైకి రండి!"

పిల్లలు కెవ్వుమని ఒకరినొకరు తోసుకుంటూ మెట్లెక్కారు. ఏంజెలిన్ ఆఖరున వచ్చింది. దాని రెక్క పట్టుకుని పైకి లాగి, గట్టుకు పది అడుగుల అవతల నిలబెట్టాను. అది బతికింది. అందరూ బతికారు. గండం గడిచింది. మెల్లిగా తాళంచెవి తీసుకుని పోయి ఫ్యూజు పీకేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నిజంగా ఆ క్షణంలో అదే అనుకున్నాను.

వెనక్కి తిరిగితే ఓబయ్య మామ చేతికర్ర పట్టుకుని తొట్టిలోకి దిగుతున్నాడు.

"యాడరా పాము? నేను చూస్తా ఉండు. పిలకాయలు దిగే చోటు, వదిలితే ఎట్టా?"

రెండో మెట్టు మీదున్నాడు. నాలుగో మెట్టు నుంచి నీళ్లు. అప్పుడు స్తంభం మీద బల్బులో తీగ ఎర్రబడింది. ఎర్రగా, మసగ్గా, ఆరిపోబోయే నిప్పులా వెలిగింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. "వచ్చింది! వచ్చింది! సైమన్ మామ లైటు!"

ఓబయ్య మామ కూడా తలెత్తి నవ్వి, మూడో మెట్టు మీద కాలు పెట్టాడు.

"మామా, దిగొద్దు!" అని అరిచాను. "పాము లేదు. నీళ్లలో కరెంటు ఉండాది. నేను పెట్టినానది. నేనే పెట్టినాను!"

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఓబయ్య మామ కర్ర వదిలేశాడు. అది నీళ్లలో పడి తేలింది. ఆయన వెనక్కి వెనక్కి మెట్లెక్కి, గట్టు మీద కూలబడ్డాడు. మొలతాడుకున్న తాళంచెవి నేనే విప్పుకుని పోయి ఫ్యూజు పీకాను.

తిరిగొచ్చేటప్పటికి ఎవరూ కదల్లేదు. అయ్యగారు గొడుగు మూసి, వానలోనే నిలబడ్డారు.

"ఎప్పటి నించి సైమనూ?"

"ఈస్టరు నించి అయ్యగారూ."

"ఆ దినం తెల్లారి నేను తొమ్మిదిమందిని ముంచినాను."

"పైపు ఉండింది అప్పుడు. అయినా... తప్పే అయ్యగారూ."

పిల్లల తల్లుల్లో ఒకామె తన కూతురి చెయ్యి పట్టుకుని నా పక్కనుంచి దూరంగా తీసుకుపోయింది. ఏంజెలిన్ తన తడి కాళ్ల వైపు చూసుకుంటోంది. తలెత్తి నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. వాళ్లమ్మ వెనకే ఇంటికి పోయింది.

నేను ఇంటికి పోలేదు. నేరుగా మాల్యాద్రి ఇంటికి పోయాను. వాడు అరుగు మీద వైరు చుట్ట విప్పుతున్నాడు.

"వచ్చి చూడరా. నేను తీసేస్తా, నువ్వు చూడు. నా పని నేను చూసుకుంటే చాలదు."

విషయం అప్పటికే వాడికి తెలిసింది. ఎంత మాటైనా అనొచ్చు. నేను పడటానికే పోయాను. వాడు చొక్కా తగిలించుకుని, టెస్టరు జేబులో పెట్టుకుని నా వెంట వచ్చాడు. ఇద్దరం స్తంభం నుంచి తీగ, బల్బు, హోల్డరు అన్నీ ఊడదీశాం. చర్చి లోపల ఆ లైటు కనెక్షనే పీకేశాం. గోడలో ఇనుప ముక్కను సుత్తితో కొట్టి బయటికి తీసి, ప్లాస్టిక్ పైపు నేరుగా పెట్టి, కంతకు సిమెంటు పూశాం. వాడు రెండుసార్లు టెస్టరు పెట్టి చూశాడు. "ఇప్పుడు బాగుండాది," అన్నాడు. అంతే. మేకల మాట ఎత్తలేదు.

ఇంట్లో ఆ సాయంత్రం దీపం రాహేలమ్మే వెలిగించింది. కిరసనాయిలు దీపం. కరెంటు ఉంది. స్విచ్చి వేద్దామని నేను లేస్తే, ఏంజెలిన్ గోడ దగ్గరినుంచి జరిగి వాళ్లమ్మ పక్కకు పోయి కూర్చుంది. నేను స్విచ్చి వేయలేదు.

ఆదివారం వాన తెరిపిచ్చింది. ఎనిమిది గంటలకు ఎండ కూడా వచ్చింది. తొట్టి నిండుగా ఉంది. తెల్లబట్టలతో పన్నెండుమందీ గట్టు చుట్టూ నిలబడ్డారు. పాట అయిపోయింది. వాక్యం అయిపోయింది. అయ్యగారు మొదటి పేరు పిలిచారు. ఆ పిల్లవాడు మెట్టు దాకా వచ్చి ఆగిపోయాడు. రెండో పేరు పిలిచారు. ఆ పిల్ల వాళ్లమ్మ కొంగు పట్టుకుంది. చూస్తే అయ్యగారు కూడా మొదటి మెట్టు మీదే ఉన్నారు, పంచె అంచు చేత్తో పట్టుకుని. ఆయనా దిగలేదు.

నేను అందరికన్నా వెనక గోడ దగ్గర నిలబడ్డాను. ముందుకొచ్చే మొహం నాకెక్కడిది?

"నాయనా."

ఏంజెలిన్. నిన్నటి నుంచి అది నాతో మాట్లాడటం అదే మొదలు. కోపంగా అనలేదు. నీళ్ల చెంబు అందియ్యి అన్నట్టే అంది.

"ముందు నువ్వు దిగు."

అందరూ తిరిగి చూశారు. జనం దారిచ్చారు. చెప్పులు విడిచి మెట్ల దగ్గరికి నడిచాను. ఆ తొట్టి చుట్టూ ఎక్కడా తీగ లేదని ఊరు మొత్తం మీద నాకూ మాల్యాద్రికీ తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నా చేతులతో ఊడదీశాను. అయినా రెండో మెట్టు దగ్గర కాలు ఆడలేదు. కళ్లు మూసుకుని పెట్టాను. చల్లటి నీళ్లు, అంతే. మూడో మెట్టు. నాలుగో మెట్టు. ఐదోది. రొమ్ముల దాకా దిగి, మూలకు పోయి గోడకు ఆనుకున్నాను.

అప్పుడు అయ్యగారు దిగారు. తర్వాత ఒక్కొక్కరుగా పిల్లలు. ఒక్కొక్కరు నీళ్లలో మునిగినప్పుడల్లా నేనూ ఊపిరి బిగబట్టాను. పదకొండు సార్లు. చలికి నా పళ్లు టకటకలాడుతున్నాయి. రాహేలమ్మ గట్టు మీద తువ్వాలు పట్టుకుని ఎదురుచూస్తోంది.

ఏంజెలిన్ అందరికన్నా చివర దిగింది. అయ్యగారి దగ్గరికి పోకుండా ముందు నేనున్న మూలకు వచ్చింది. నా మొహంలోకి చూసి, నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇంక పైకి పో నాయనా. నాకు భయం లేదు."

"నాకుండాది తల్లీ," అన్నాను.

అది నా మోచెయ్యి వదిలింది. అయ్యగారి వైపు తిరిగింది. నేను అక్కడే నిలబడ్డాను.